బేల్ ప్రెస్సు డోరు పిన్నులకు గ్రీజు బదులు మోలీ కోటింగ్ ఆగుతదా?

పత్తిమిల్లు ఫిట్టర్, జమ్మికుంట:

నమస్తే అందరికి. నేను జమ్మికుంట దిక్కు ఒక జిన్నింగు ప్రెస్సింగు మిల్లుల మెయింటెనెన్స్ చూస్త. సీజన్ అయిపోయింది, ఇప్పుడు మిషన్లన్నీ విప్పి ఓవరాలింగ్ నడుస్తున్నది, మళ్ల దసరా దాటి కొత్త పత్తి మార్కెట్‌కు వచ్చేదాకనే మాకు టైము, గందుకే ఇప్పుడే అడుగుతున్న.

మాది రెండు బాక్సుల ప్రెస్సు. ఒక బాక్సుల ట్రాంపర్ దూదిని తొక్కుతుంటది, ఇంకో బాక్సుల హైడ్రాలిక్ రామ్ వత్తుతది, 170 కిలోల బేల్ తయారైనంక డోర్లు తెరిచి పట్టీలు కట్టి బయటకు తీస్తరు. ఆ డోర్లకు హింజి పిన్నులు ఉంటయి, లాక్ పిన్నులు ఉంటయి, అన్నీ 50 ఎంఎం, ఈఎన్8 అనే కార్బన్ స్టీలు రాడ్‌తోటి చేయించినయే, అవి తిరిగే గొట్టాలు, అంటే బుష్షులు సుత మామూలు స్టీలే. ఇవి ప్రతి సీజన్‌కు తినుకపోతున్నయ్. గ్రీజు పెడితే ఏమైతదంటే గాలిల ఎగిరే దూది పీచంత వచ్చి దానికే అంటుకుంటది, రెండు మూడు షిఫ్టులకే నల్లటి ముద్ద లెక్క అయితది, అది డోరు తెరిచినప్పుడు బేల్ మీద పడితే మరక, పోయిన సీజన్‌ల కొన్న పార్టీ గ్రీజు మరకలు చూపెట్టి రేటు కోసిండు. గ్రీజు పెట్టకపోతేనేమో డోరు కీచుమంటది, పిన్ను పట్టేస్తది, సుత్తెతోటి కొట్టి తీయాలె. ఇగ గ్రీజు నానిన పీచు బేరింగుల పక్కపొంట ఊకె పేరుకుంటే నిప్పు భయం ఒకటి, జిన్నింగు మిల్లుల పనిచేసినోళ్లకు నేను చెప్పేదేం లేదు, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఒక సేల్స్ మనిషి వచ్చి మాలిబ్డినం స్ప్రే, అదే మోలీ, కొట్టండి, ఆరినంక పొడిగ ఉంటది, దుమ్ము పట్టదు, గ్రీజే అక్కర్లేదు అన్నడు. నిజమేనా? ఎన్ని రోజులు ఆగుతది, గ్రాఫైట్ మంచిదా మోలీ మంచిదా, స్ప్రే డబ్బా సరిపోతదా లేక పట్నం పంపి కోటింగ్ చేయించాల్నా? తెలిసినోళ్లు చెప్పుండ్రి.


లేతు పని, వరంగల్ ఆటోనగర్:

తమ్మీ, కోటింగ్ సంగతి తర్వాత. ముందుగాల ఆ పాత పిన్నులు ఎట్ల అరిగినయో చెప్పు. అరుగుడు అంత ఒక్కటే తీరుగ ఉండది, ఏ తీరుగ అరిగిందో చూడకుండ మందు చెప్తే పైసలు దండుగ. పిన్నును కిరోసిన్‌ల కడిగి ఎండల పట్టుకొని చూడు. లోహం చింపినట్టు, ఒక దగ్గర గుంతపడి పక్కనే గడ్డ లేచినట్టు ఉండి గోరు పెడితే గరుకుగ తగులుతున్నదంటే అది బుష్షూ పిన్నూ ఒకదాంతోటి ఒకటి వెల్డ్ అయి పీక్కున్నట్టు. అట్లగాక తిరిగే దిక్కునే సన్నటి గీరలు వరుసగ పడి మధ్యల మెరుస్తున్నదంటే దాంట్ల మట్టి, ఇసుక జొరబడి గీకినట్టు. మూడోది, పెద్దగ కదలని చోట, ఎర్రటి తుప్పు పొడి లెక్క రాలుతుంటే అది సన్న అదురుకు వచ్చే అరుగుడు, ఇంగ్లీషుల ఫ్రెటింగ్ అంటరు.

మొదటి దానికి, మూడో దానికి పొడి కోటింగ్ పనిచేస్తది. రెండో దానికి పనిచేయది. ఇసుక రేణువు ముందల ఆ కోటింగ్ ఎంత, జుట్టు మందంల ఐదో వంతు సుత ఉండది, గీకి పారేస్తది.


పత్తిమిల్లు ఫిట్టర్, జమ్మికుంట:

అన్నా ఇప్పుడే కడిగి చూసిన. రెండు తీర్లుగ ఉన్నయ్. హింజి పిన్నులేమో డోరు బరువు పడే దిక్కే తిన్నయ్, మిగతా చుట్టు లేతు మార్కులు సుత ఇంకా కనపడుతున్నయ్, తిన్న కాడ నువ్వు చెప్పినట్టే చింపినట్టున్నది, బుష్షుల ముక్క ఒకటి పిన్నుకు అతుక్కొని ఉన్నది, ఉలితోటి కొడితే గాని ఊడలేదు. లాక్ పిన్నులకు మాత్రం నిలువు గీరలు, అవి లోపలికి బయటికి జారుతయి కదా, జారే దిక్కే గీరలు పడ్డయ్. బాక్సు కింది హింజికి చివర ఎర్రపొడి సుత ఉన్నది.


లేతు పని, వరంగల్ ఆటోనగర్:

మంచిగ చూసినవ్. లాక్ పిన్నుల కాడ మట్టి. పత్తి తోటి చేను మట్టి, ఆకు తుక్కు ఎంతొస్తదో నీకు తెల్వందేం కాదు. దానికి ముందు మట్టి ఆపే పని చెయ్యి, పిన్ను జారే నోటి కాడ ఫెల్ట్ రింగో, వైపర్ సీలో పెట్టు, పిన్నును ఇండక్షన్ హార్డెనింగ్, అంటే కరెంటు వేడితోటి పైపొర గట్టిపరుచుడు, చేయించు, ఈఎన్8 కు మంచిగనే హార్డ్ అయితది. కోటింగ్ సంగతి హింజి పిన్నులకే ఆలోచించు.


ఉపరితలం, హనుమకొండ:

లేతు అన్న చెప్పింది నూటికి నూరు శాతం సరైనది, దాని మీదే నేను ఇంకొంచెం చెప్తాను. నాది మెటలర్జీ, రాపిడి–అరుగుదల మీదే కొన్నేళ్లు పనిచేశాను, అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

హింజి పిన్ను ఎందుకు చిరుగుతోందంటే, ఆయిల్ గానీ గ్రీజు గానీ లోహాల్ని విడదీసి ఉంచాలంటే షాఫ్టు వేగంగా తిరగాలి, తిరుగుతుంటేనే ఆయిల్ ఆ సందులోకి లాక్కోబడి పొరలా నిలబడుతుంది. మీ డోరు పిన్ను తిరిగేది పావు చుట్టో అర చుట్టో, అదీ నెమ్మదిగా, బోలెడు బరువు మీద పెట్టుకొని. అక్కడ ఆయిల్ పొర ఏర్పడదు, బరువుకి పక్కకి వెళ్లిపోతుంది, పైగా పిన్నూ బుష్షూ రెండూ దాదాపు ఒకే రకం మెత్తటి స్టీలు, ఒకే రకం లోహాలు బరువు కింద రుద్దుకుంటే అతుక్కోవడం మామూలే. నెమ్మది కదలిక, ఎక్కువ లోడు, ఆగి ఆగి తిరగడం, చుట్టూ దుమ్ము, ఈ నాలుగూ కలిసిన చోటే ఘన లూబ్రికెంటుకి అసలైన పని. కాబట్టి ఆ సేల్స్ మనిషి చెప్పింది హింజి పిన్ను వరకు తప్పు కాదు.

మాలిబ్డినం డైసల్ఫైడ్, అందరూ మోలీ అంటారు, గనిలో దొరికే ఖనిజమే, బూడిద నలుపు రంగులో ఉంటుంది. దాని లోపల గంధకం, మాలిబ్డినం, మళ్లీ గంధకం, ఇలా మూడు వరుసలు కలిసి ఒక పొర. పొర లోపల బంధం చాలా గట్టిది, పొరకీ పొరకీ మధ్య మాత్రం చాలా బలహీనం. విస్తరాకుల కట్టని పైనుంచి ఎంత నొక్కినా నిలబడుతుంది, పక్కకి తోస్తే జారిపోతుంది కదా, అదే పని ఇక్కడ జరుగుతుంది. అందుకే ఎంత లోడు పెట్టినా పిండిలా నలిగిపోదు, అడుగునున్న స్టీలు లొంగేదాకా తట్టుకుంటుంది.

గ్రాఫైట్ కూడా పొరలదే కానీ ఒక పెద్ద తేడా ఉంది. గ్రాఫైట్ జారాలంటే గాలిలో తేమ కావాలి. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో విమానాలు బాగా ఎత్తుకి ఎగిరితే జనరేటర్లలో కార్బన్ బ్రష్షులు గంటల్లోనే పొడైపోయేవి, పైన గాలి పొడిగా ఉండి తేమ అందక. మోలీది దీనికి తలకిందులు, తేమ లేకపోతేనే బాగా జారుతుంది, పొడి గాలిలో రాపిడి గుణకం 0.05 దాకా దిగుతుంది, శూన్యంలో ఇంకా తక్కువ, తేమ గాలిలో 0.1 దాటి పోతుంది, 0.2 దాకా కూడా వెళ్తుంది. అందుకే ఉపగ్రహాల్లో మోలీయే వాడతారు, గ్రాఫైట్ వాడరు. మన దగ్గర పత్తి సీజన్ చలికాలం, ఎండాకాలం మొదట్లోనే కాబట్టి తేమ మరీ ఎక్కువ ఉండదు, మోలీకి ఇబ్బంది లేదు. వానాకాలం మిల్లు ఆగి ఉన్నప్పుడే జాగ్రత్త, ఎందుకంటే మోలీ తుప్పుని ఆపదు. కోటింగ్ వేసిన పిన్నుల్ని వానల్లో అట్లాగే వదిలేస్తే కింద స్టీలు తుప్పు పట్టి కోటింగ్ పొలుసుల్లా లేస్తుంది. గ్రాఫైట్ అయితే ఇంకా చెడ్డ, అది కరెంటు పారే పదార్థం, తేమ తగిలితే పక్క లోహాన్ని తినేస్తుంది, అల్యూమినియం పక్కన అసలు పెట్టకూడదు.


ఉపరితలం, హనుమకొండ:

స్ప్రే సరిపోతుందా అని అడిగారు. సరిపోతుంది, సరిపోదు, రెండూ నిజమే. డబ్బాలో ఉండేది మోలీ పొడి, దాన్ని పట్టి ఉంచే రెజిన్, ఆరిపోయే సాల్వెంటు. వట్టి పొడి రుద్దితే నిలవదు, రెజిన్ పట్టుకోవాలి, రెజిన్ పట్టుకోవాలంటే అడుగున లోహం సరిగ్గా తయారై ఉండాలి. కోటింగ్ బతుకంతా అక్కడే ఉంది. ఎంత ఖరీదైన డబ్బా కొన్నా కింద పని చేయకపోతే నున్నటి పిన్ను మీద నుంచి వారానికే ఊడొస్తుంది.

ముందు జిడ్డు పూర్తిగా పోవాలి. పోయిందో లేదో తెలుసుకోవడానికి కడిగిన పిన్ను మీద శుభ్రమైన నీళ్లు పొయ్యండి, నీరు తెగకుండా ఒకే పొరగా పరుచుకుంటే శుభ్రం, బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా జిడ్డుందని అర్థం, మళ్లీ కడగండి. ఆ తర్వాత చేత్తో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు కూడా చాలు చెడగొట్టడానికి. తర్వాత అల్యూమినియం ఆక్సైడ్ గ్రిట్‌తో, 180 నుంచి 220 మెష్ మధ్య, సన్నగా బ్లాస్టింగ్, మెరుపు పోయి మసక బూడిద రంగు రావాలి. దయచేసి ఇసుకతో మాత్రం బ్లాస్టింగ్ చేయించకండి, ఆ దుమ్ము పీల్చితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు.

బ్లాస్టింగ్ మీద మాంగనీస్ ఫాస్ఫేటింగ్ కూడా చేయిస్తే చాలా మంచిది, ఫాస్ఫేట్ స్ఫటికాల సందుల్లో కోటింగ్ ఇరుక్కొని గట్టిగా పట్టుకుంటుంది, తుప్పుకి కూడా కొంత అడ్డం. మీది ఈఎన్8 కాబట్టి ఫాస్ఫేట్ పడుతుంది, స్టెయిన్‌లెస్ మీద పడదు. ఇది చేసే జాబ్‌వర్క్ వాళ్లు హైదరాబాద్‌లో బాలానగర్, చర్లపల్లి వైపు వెతికితే దొరుకుతారు. ఫాస్ఫేట్ అయ్యాక అదే రోజు కోటింగ్ పడాలి, రోజులు దాటితే తేమ పీల్చుకుంటుంది.

కోటింగ్ మందం 5 నుంచి 25 మైక్రాన్లు (మైక్రాన్ అంటే ఎంఎంలో వెయ్యో వంతు), మీ పనికి 10 నుంచి 15 చాలు. ఎక్కువ వేస్తే ఎక్కువ రోజులొస్తుందని చాలామంది అనుకుంటారు, అట్లా కాదు, మందమైతే పెచ్చులూడుతుంది. రెండు మూడు పల్చటి పూతలు వేయాలి, ఒక్కో పూత ఆరాకే ఇంకోటి. గాలికి ఆరే రకం ఉంది, ఓవెన్‌లో కాల్చే రకం ఉంది. కాల్చే రకమే గట్టిగా ఎక్కువ రోజులు నిలుస్తుంది, దానికి 150 డిగ్రీల దగ్గరో 200 దగ్గరో గంట సేపు కావాలి, ఏది ఎంతో ఆ కోటింగ్ డేటా షీట్‌లో రాసి ఉంటుంది. ఓవెన్ ఎక్కడిదంటారేమో, గేట్లకి గ్రిల్సుకి పౌడర్ కోటింగ్ చేసే షాపుల్లో ఓవెన్ 180–200 డిగ్రీల మీదే నడుస్తుంది, వాళ్లని అడగండి. కాకపోతే హార్డెనింగ్ చేసి తక్కువ వేడి మీద టెంపర్ చేసిన వస్తువులు, బేరింగ్ రేసులు లాంటివి ఆ వేడికి మెత్తబడతాయి, అవి ఓవెన్లో పెట్టొద్దు.

ఎన్ని రోజులు ఆగుతుందంటే రోజుల్లో ఎవరూ చెప్పలేరు, లోడు, కదలిక, దుమ్ము బట్టి మారుతుంది. కంపెనీల డేటా షీట్‌లో ఏఎస్‌టీఎం డీ2625 అని ఒక పరీక్ష రిజల్టు ఉంటుంది, పిన్నుని రెండు వీ ఆకారం దిమ్మెల మధ్య నొక్కి పెట్టి తిప్పి ఎన్ని నిమిషాలకి పట్టేసిందో చూస్తారు. రెండు బ్రాండ్లు పక్కపక్కన పోల్చుకోవడానికి అది పనికొస్తుంది, మీ మిల్లులో ఎన్నాళ్లొస్తుందో చెప్పడానికి పనికిరాదు.


ఖని థర్మల్, గోదావరిఖని:

మంచి ముచ్చట నడుస్తున్నది, నేను సుత ఒక మాట చెప్త. మాకాడ బాయిలర్ దిక్కు పని, వేడి మీద పని. మోలీ అన్నిటికి మందు కాదు, వేడి దాటితే పనికిరాది. గాలి తగిలే కాడ 350 డిగ్రీలు దాటినంక మోలీ కాలిపోయి ఆక్సైడ్ అయితది, ఆ ఆక్సైడ్ జారుడు ఇయ్యది. గ్రాఫైట్ 450 దాకా వస్తది, ఇంకా పైకి పోవాల్నంటే బోరాన్ నైట్రైడ్, తెల్లగ ఉంటది, అది 900 దాకా తట్టుకుంటది కని రేటెక్కువ. టెఫ్లాన్ 260 దాటొద్దు.

నేను అసలు చెప్పొచ్చింది బోల్టుల గురించి. మోలీ స్ప్రే డబ్బా షాపుల చేతికొచ్చినంక అందరు దాన్ని బోల్టులకు, నట్లకు సుత కొడతరు, విప్పేటప్పుడు అల్కగ వస్తదని. వస్తది నిజమే. గానీ టార్క్ రెంచి మాత్రం పాత లెక్క మీదనే పెడతరు, అక్కడ్నే బోల్టు తెగుతది. పొడి బోల్టుకు కే విలువ, అంటే టార్క్ లెక్కల రాపిడిని చూపే అంకె, 0.2 దాపున ఉంటది, మోలీ రాస్తే 0.12 దాపునకు దిగుతది, అంటే అదే టార్క్‌కు బోల్టుల గుంజుడు ఒకటిన్నర రెట్లు దాటుతది. హైడ్రాలిక్ సిలిండర్ ఫ్లాంజి బోల్టులకు గిట్ల చేసి గుంజినవనుకో, బోల్టు సాగుతది, ప్రెషర్ మీద ఉన్నప్పుడు తెగితే మనిషి ప్రాణం. మోలీ రాస్తే టార్క్ తగ్గించాలె, ఎంత తగ్గించాల్నో ఆ డబ్బా కంపెనీ చార్ట్‌ల ఉంటది. ఇది మీ మిల్లుల అందరికి చెప్పు తమ్మీ, ఫిట్టర్లకే కాదు హెల్పర్లకు సుత.


చైన్ స్ప్రాకెట్, మంచిర్యాల:

ఇంత పెద్ద తతంగం ఎందుకన్నా, టెఫ్లాన్ స్ప్రే కొట్టొచ్చు కదా, బండి చైన్లకు కొట్టేది, తెల్లగ ఉంటది, దూదికి మరక సుత కాదు. మోలీ నల్లగుంటది గదా, గ్రీజు మరక పోయి మోలీ మరక వస్తే ఏం లాభం.


ఉపరితలం, హనుమకొండ:

మంచి ప్రశ్న, ఇది నేనే ముందు చెప్పాల్సింది. మోలీ కోటింగ్ నుంచి కూడా సన్నటి నల్ల పొడి రాలుతుంది, ముఖ్యంగా మొదటి కొన్ని రోజులు, పిన్నూ బుష్షూ కుదురుకునే వరకు. అందుకని దూది తగిలే ఏ చోటా మోలీ కానీ గ్రాఫైట్ కానీ వేయొద్దు. బాక్సు లోపలి గోడలు, డోరు లోపలి ముఖం, దూది జారే షీట్లు, వీటికి నల్ల కోటింగ్ దగ్గరికి రానివ్వకూడదు. పిన్నులు బుష్షు లోపల ఉంటాయి, రాలేది గ్రీజు ముద్దంత కాదు, చిటికెడు పొడి, అది కూడా బుష్షు చివర గుడ్డతో తుడిస్తే పోతుంది. కొత్తగా వేసిన పిన్నుల్ని ఖాళీ బాక్సు మీద డోర్లు బాగా తెరిచి మూసి, వచ్చిన పొడి తుడిచేశాకే దూది పెట్టండి.

టెఫ్లాన్ 1938లో అమెరికాలో డూపాంట్ కంపెనీలో రాయ్ ప్లంకెట్ అనే ఆయన వేరే ప్రయోగం చేస్తుంటే అనుకోకుండా బయటపడింది, రాపిడి చాలా తక్కువ, రంగు తెలుపు, దూది దగ్గర వాడుకోవచ్చు. కానీ మెత్తన. బరువు పడితే మెల్లగా పక్కకి పాకిపోతుంది, డోరు బరువు మోసే పిన్ను మీద నిలవదు. దూది జారే చ్యూట్ షీట్లకి, చిన్న చిన్న జారుడు తలుపులకి బాగుంటుంది. ఒక జాగ్రత్త, టెఫ్లాన్ పూసిన వస్తువు మీద వెల్డింగ్ కానీ గ్యాస్ కటింగ్ కానీ చేయొద్దు, ఆ పొగ విషం, జ్వరం వచ్చి ఊపిరి పట్టేస్తుంది. వెల్డర్ తమ్ముళ్లకి ఏది పూసిందో తెలియదు కాబట్టి ఆ భాగం మీద పెయింటుతో రాసి పెట్టండి.

చైన్ల సంగతి వేరు. చైన్ అరిగేది రోలర్ లోపలి పిన్నూ బుష్షూ మధ్య, పైన కొట్టిన పొడి స్ప్రే లోపలికి పోకపోతే ఉపయోగం లేదు. మీ కపాస్ కన్వేయర్ చైన్లకి పల్చటి ఆయిల్ బ్రష్‌తో లోపలి అంచుకి పెట్టి, పైన తుడిచేయడమే మంచిది. అలాగే జిన్ను బేరింగులకి, గేర్ బాక్సులకి గ్రీజు, ఆయిల్ మానేసి కోటింగ్ అనుకోవద్దు, వేగంగా తిరిగే బేరింగుకి గ్రీజుకి మించింది లేదు.


రాయి కోత, కరీంనగర్:

మాది గ్రానైట్ కటింగ్, మిషను జారే పట్టాలను గైడ్‌వేలు అంటం. గైడ్‌వేల మీద మోలీ కోటింగ్ వేస్తే రాతి బురద నుంచి కాపాడతదా హనుమకొండ మేడమ్?


లేతు పని, వరంగల్ ఆటోనగర్:

కాపాడదు అన్నా. గ్రానైట్ల క్వార్ట్జ్ ఉంటది, స్టీలును సుత గీకుతది. బెల్లోస్ కవర్లు చినగకుండ చూసుకో, వైపర్లు మార్చు, గైడ్ షాఫ్టు అయితే హార్డ్ క్రోమ్ చేయించు. నీకు కోటింగ్ కాదు అడ్డం కావాలె.

ఇగ జమ్మికుంట తమ్మీ, మేడమ్ చెప్పింది అంత మంచిగున్నది, కని డోరు పిన్ను కాడ నా మాట జెర వేరు. 12 మైక్రాన్ల కోటింగ్ ఎంత మంచిగ వేసినా అది అయిపోయిన రోజు అయిపోయినట్టే, మళ్ల పిన్ను విప్పి, గీకి, మొత్తం మొదటి కాన్నుంచి చేయాలె, సీజన్ నడిమిట్ల ఎవడు విప్పుతడు. నేనైతే స్టీలు బుష్షు తీసేసి బ్రాంజ్ బుష్షుల గ్రాఫైట్ ప్లగ్గులు దించిన బుష్షు వేస్త. బుష్షు గోడకు వరుసగ రంధ్రాలు కొట్టి దాంట్ల గట్టి గ్రాఫైట్ ముక్కలు దించుతరు, పిన్ను కదిలినకొద్ది గ్రాఫైట్ సన్నగ అరిగి పొర లెక్క పూసుకుంటది, బుష్షు అరిగేదాకా గ్రాఫైట్ ఉంటనే ఉంటది. గ్రీజు అక్కర్లేదు. రెడీమేడ్ దొరుకుతయ్, 50 ఎంఎం మామూలు సైజే.


ఉపరితలం, హనుమకొండ:

డోరు హింజికి ఆ బుష్షే సరైనదని నేను కూడా ఒప్పుకుంటాను, సందేహం లేదు. పైగా స్టీలు మీద స్టీలు కాకుండా బ్రాంజ్ వస్తుంది కాబట్టి సగం రోగం అక్కడే కుదురుతుంది. కోటింగ్‌కి ఉన్న పెద్ద లోపం ఆయన చెప్పిందే, అది గ్రీజులా పోయిన చోటికి మళ్లీ పాకి రాదు, ఒకచోట పోయిందంటే అంతే.

దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. అమెరికా వాళ్ల గెలీలియో అంతరిక్ష నౌకని 1989 అక్టోబరులో పంపారు, 1991 ఏప్రిల్‌లో దాని పెద్ద యాంటెనా గొడుగులా విప్పమని ఆదేశం పంపితే విప్పుకోలేదు. దాని ఊచల్ని పట్టి ఉంచే పిన్నులకి వేసింది మోలీ పొడి కోటింగే. ప్రయోగం ఏళ్ల తరబడి వాయిదా పడటంతో ఆ నౌకని లారీలో కాలిఫోర్నియాకీ ఫ్లోరిడాకీ మధ్య తిప్పారు, ఆ ప్రయాణాల కుదుపులకి పిన్నుల మీద కోటింగ్ అరిగిపోయి, తర్వాత అంతరిక్షంలో లోహానికి లోహం పట్టేసి ఉంటుందని దర్యాప్తులో తేల్చారు. చివరిదాకా చిన్న యాంటెనాతోనే ఆ మిషన్ నడిపారు.

మీకు ఇది ఎందుకు చెప్తున్నానంటే, మీ కింది హింజి దగ్గర ఎర్ర పొడి ఉందన్నారు. డోరు మూసి ఉన్నప్పుడు పైన ట్రాంపర్ కొడుతుంటే ఆ పిన్ను తిరగకుండానే అదురుతూ ఉంటుంది, అదే చోట, అదే గీత మీద. కోటింగ్ ఒక్కటే వేస్తే ముందు పోయేది అక్కడే. కాబట్టి కింది హింజికి గ్రాఫైట్ ప్లగ్ బుష్షు, దానికి తోడు డోరు మూసినప్పుడు ఆట లేకుండా స్టాపర్ సరిచేయండి, ఆట ఉన్నంతసేపు ఏ బుష్షూ నిలవదు. పై హింజిలకి కావాలంటే కోటింగ్ పెట్టి చూడండి, రెండూ పక్కపక్కన ఎట్లా ఉన్నాయో సీజన్ అయ్యాక మీకే కనిపిస్తుంది.


పత్తిమిల్లు ఫిట్టర్, జమ్మికుంట:

మస్తు సంతోషం, ఇంత వివరంగ ఎవరు చెప్పలే నాకు. మేడమ్, లేతన్న, ఖని అన్న, అందరికి దండాలు. కింది హింజిలకు ప్లగ్ బుష్షులు, పై హింజిలకు బ్లాస్టింగ్, ఫాస్ఫేటింగ్, మోలీ, ఓవెన్ల కాల్పించుడు, లాక్ పిన్నులకు హార్డెనింగ్ ఇంకా ఫెల్ట్ రింగులు, ఓనర్‌కు ఇదే చెప్పిన, సరే అన్నడు. డోరు లోపలి మొఖానికి ఏం పూయం. ఒక్క డౌటు, పై హింజి పిన్నులు కొత్తయి టర్నింగ్ చేయించాల్నంటే సైజు ఎంత పెట్టాలె, కోటింగ్ మందం లెక్కల పట్టాలె గదా? కోటింగ్ మీద మళ్ల కొంచెం గ్రీజు పెడితే ఇంకా మంచిదా?


లేతు పని, వరంగల్ ఆటోనగర్:

మంచిగ గుర్తు చేసినవ్, చాలామంది ఇక్కడ్నే ఇరుక్కుంటరు. హెచ్7, ఎఫ్7 అంటే సైజు ఎంత అటిటు ఉండొచ్చో చెప్పే గ్రేడ్లు. 50 ఎంఎం బుష్షు బోరు, అంటే లోపలి రంధ్రం, హెచ్7 అయితే సున్నా నుంచి 25 మైక్రాన్లు పెద్దగ ఉంటది. మామూలుగ పిన్ను ఎఫ్7 పెడతం, అంటే 25 నుంచి 50 మైక్రాన్లు చిన్నగ. దాని మీద 12 మైక్రాన్ల కోటింగ్ పడిందనుకో, రెండు దిక్కుల కలిపి వ్యాసం 24 పెరుగుతది, ఫాస్ఫేట్ మందం ఇంకా వేరే. బోరు సన్నగొచ్చి పిన్ను లావుగొస్తే సందే మిగలది, సుత్తెతోటి కొట్టి దించితే కోటింగ్ అంత గీక్కపోయి బుష్షు నోటి కాడనే ఉంటది. గందుకని పిన్ను ఈ8 కు టర్నింగ్ చేయించు, 50 నుంచి 89 మైక్రాన్లు చిన్నగ. బ్లాస్టింగ్ ముందల ఒకసారి, కోటింగ్ అయినంక ఒకసారి మైక్రోమీటర్‌తోటి కొలిచి రాసి పెట్టుకో, ఎంత మందం పడ్డదో లెక్క దొరుకుతది. బుష్షు నోటికి, పిన్ను కొసకు చాంఫర్ కొట్టించు, అంచు పదునుగ ఉంటే దించేటప్పుడే గీకుతది.


ఉపరితలం, హనుమకొండ:

గ్రీజు పైన పెట్టొద్దు. గ్రీజులోని నూనె కొన్ని రెజిన్లని మెత్తబరుస్తుంది, మళ్లీ పీచు, దుమ్ము అంటుకుంటాయి, పొడిగా ఉంచడం కోసమే కదా ఇదంతా. ఆ హింజిల గ్రీజు నిప్పిల్స్ తీసేసి ప్లగ్ స్క్రూ బిగించండి, లేకపోతే అలవాటుకొద్దీ ఎవరో ఒకరు గన్ పెట్టేస్తారు.

ఇంకొకటి, ఎక్కడైనా చిన్న టచప్‌కి గాలికి ఆరే స్ప్రే డబ్బా కొన్నా సరే, అందులో సాల్వెంటు, గ్యాసు రెండూ భగ్గున మండేవే. జిన్ను హాలులో, దూది ఉన్న చోట కొట్టకండి, పిన్ను విప్పి బయటికి తెచ్చి, గాలి ఆడే చోట, మాస్కు పెట్టుకొని కొట్టండి. మోలీ బరువైన పొడి, డబ్బా అడుగున పేరుకుంటుంది, లోపలి గోలీ చప్పుడు బాగా వినిపించేదాకా ఊపాకే కొట్టాలి, లేకపోతే వట్టి రెజినే పడుతుంది.